పరగడుపున 118

వనపర్తి జిల్లా అమరచింతలో మగ్గం మీద బతికే నలభై అయిదేళ్ల మనిషి ఒకాయనను ఊహించుకుందాం. సాయంత్రం నాలుగింటికి ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వేలు గుచ్చి చూస్తే మీటరులో 168 పడింది. "రేపు పొద్దుగాల ఏం తినకుండ, చాయ్ గిట్ల తాగకుండ దవాఖానకు రా అన్నా, మళ్లొకసారి చూద్దాం" అని చెప్పి పోయింది. తెల్లారి అదే మీటరుతో చూస్తే 118. మనసు నిలవక వనపర్తి పోయి రక్తం ఇస్తే, మూడు నెలల షుగర్ 5.9 అని రాసిన కాగితం చేతికొచ్చింది. మూడు చీటీలు, మూడు అంకెలు. షుగర్ వచ్చినట్టేనని ఇంట్లో ఒకరంటారు. 168 నుంచి 118కి దిగింది గదా, ఇంక భయం లేదని ఇంకొకరంటారు. 5.9 అంటే ఆరు కూడా కాలేదు, అది లెక్కలోకే రాదని పక్క మగ్గం మనిషి తేల్చేస్తాడు.

మూడు అంకెలూ మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. ఏ వేళప్పుడు తీసిన రక్తం, తినక ముందా తిన్నాకా, వేలి నుంచా నరం నుంచా, ఏ పద్ధతిలో కొలిచారు అన్నవి పక్కన రాసుకోకపోతే షుగర్ అంకెకు అర్థమే లేదు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట గురించే.

ముందు ఒంట్లో తిరిగే చక్కెర ఎంతో చూద్దాం. ఎదిగిన మనిషిలో రక్తం సుమారు 5 లీటర్లు. పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్లకు 90 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందనుకుంటే, రక్తం మొత్తంలో ఉన్నది నాలుగున్నర గ్రాములు. ఒక చెంచాడు. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల దాకా ఖర్చు చేస్తుంది. రాత్రి నిద్రలో కూడా ఒళ్లు గంటకు ఏడు గ్రాముల చొప్పున వాడుకుంటూనే ఉంటుంది. ఆ లెక్కన రక్తంలోని చక్కెర గంట తిరక్కుండానే అయిపోవాలి. అయిపోదు. కాలేయం తన దగ్గర దాచుకున్న నిల్వ నుంచి ఎప్పటికప్పుడు విడుస్తూ ఉంటుంది.

ఇక భోజనం. 150 గ్రాముల బియ్యం వండుకుని తింటే అందులో పిండిపదార్థం 117 గ్రాములు. అది గ్లూకోజుగా మారి కొద్ది గంటల్లో రక్తంలోకి దిగుతుంది. ఉన్నదానికి పాతిక రెట్లు వచ్చి పడుతుందన్నమాట. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషికి తిన్న రెండు గంటలకు చూస్తే అంకె 140 లోపే ఉంటుంది. ఇంతకన్నా ఆశ్చర్యపడవలసిన లెక్క మన ఒంట్లో ఇంకొకటి నాకు కనబడదు.

జూరాల ఆనకట్ట దగ్గర వరద రోజుల్లో నిలబడి చూసినవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. పైనుంచి కృష్ణ ఎంత పొంగి వచ్చినా జలాశయం మట్టాన్ని 1045 అడుగులు దాటనివ్వరు. వచ్చే నీటిని బట్టి గేట్లు ఎత్తుతారు. మట్టం కదల్లేదంటే నీళ్లు కదల్లేదని కాదు, గేట్లు సమయానికి లేచాయని. రక్తంలో ఆ గేట్లు ఎత్తే పని ఇన్సులిన్‌ది. కడుపు వెనక ఉండే క్లోమంలోని బీటా కణాలు దాన్ని విడుస్తాయి. అది కండరాలకు, కొవ్వు కణాలకు దారి తెరుస్తుంది, నిల్వలోంచి తీయడం ఇక ఆపమని కాలేయానికి చెబుతుంది. కండరాల్లోకి పోయిన గ్లూకోజు కొంత నిల్వ అవుతుంది, కొంత మండి ఏటీపీ అనే శక్తి అణువు తయారవుతుంది.

ఇక్కడొక చిక్కుంది. కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమం ఊరుకోదు, ఇంకా ఎక్కువ ఇన్సులిన్ విడుస్తుంది. అలా కొన్నేళ్లపాటు అంకె నార్మల్‌గానే కనిపిస్తుంది. ఆ అంకెను అక్కడ నిలబెట్టడానికి లోపల ఎంత శ్రమ పడుతోందో చీటీ చెప్పదు. క్లోమం అలసి, ఇన్సులిన్ చాలకపోయినప్పుడే అంకె పెరగడం మొదలవుతుంది. అందుకే పరగడుపు అంకె 90ల నుంచి 110లకు మెల్లగా ఎక్కుతుంటే, ఆ పది ఇరవై పాయింట్లను చిన్నచూపు చూడకూడదు.

హద్దుల సంగతి ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఎనిమిది గంటలైనా ఏమీ తినకుండా ఉండి, నరం నుంచి తీసి ల్యాబ్‌లో కొలిచిన రక్తంలో 70 నుంచి 99 దాకా ఉంటే నార్మల్. 126, ఆపైన ఉంటే మధుమేహం. నడుమ ఉన్న 100 నుంచి 125 దాకా ముందస్తు దశ. ఇది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు దశను 110 నుంచి మొదలుపెడుతుంది. కాబట్టి పరగడుపున 104 వచ్చిన మనిషి ఒక లెక్కలో నార్మల్, ఇంకో లెక్కలో కాదు. ల్యాబ్ కాగితాల మీద ఒకచోట 100 అనీ, ఇంకోచోట 110 అనీ అచ్చు వేయడానికి కారణం ఇదే. నా మట్టుకు నేను 100నే పట్టుకోమంటాను. ముందుగా మేలుకుంటే పోయేదేమీ లేదు.

రెండో పరీక్ష 75 గ్రాముల గ్లూకోజును నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు చూడడం. 140 లోపు నార్మల్, 200, ఆపైన మధుమేహం. ఇంట్లో అన్నం తిని రెండు గంటలకు ఇచ్చే రక్తం దీనికి దగ్గరి చుట్టమే కానీ ఇదే పరీక్ష కాదు. ఆ రెండు గంటలను మొదటి ముద్ద నోట పెట్టుకున్నప్పటి నుంచి లెక్కించాలి. చాలామంది చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి లెక్కిస్తారు. మూడోది మూడు నెలల షుగర్, హెచ్‌బీఏ1సీ. 5.7 శాతం లోపు నార్మల్, 6.5, ఆపైన మధుమేహం. వేళాపాళా లేకుండా ఎప్పుడో తీసిన రక్తంలో 200 దాటి, దాంతోపాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఇంక అనుమానమే లేదు. అలాంటి లక్షణాలు లేనివాళ్లకు ఒక్క చీటీతో మధుమేహమని ముద్ర వేయకూడదు, ఇంకో పరీక్ష కూడా అదే మాట చెప్పాలి. గర్భిణుల హద్దులు పూర్తిగా వేరు. వాళ్ల కాగితాన్ని ఈ లెక్కలతో చదవొద్దు.

మన మగ్గం మనిషి 168 సాయంత్రం పూట అంకె, 200 కిందిది. కాబట్టి అది అనుమానం మాత్రమే. 118, 5.9 రెండూ ముందస్తు దశలో పడతాయి. షుగర్ వచ్చినట్టేనన్న మాట ఇంకా రుజువు కాలేదు. భయం లేదన్న మాట మాత్రం నిజం కాదు.

ఈ 126 ఎక్కడిది? 100, 150 లాంటి రౌండు అంకె కాకుండా ఈ వంకర అంకె ఎందుకు? కొన్ని దేశాల్లో గ్లూకోజును మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. ఆ అంకెను 18తో గుణిస్తే మన మిల్లీగ్రాముల అంకె వస్తుంది. వాళ్ల 7 మనకు 126. (లండన్‌లో ఉన్న కొడుకు పరగడుపున 5.4 అని ఫోన్‌లో చెబితే గాభరా పడక్కర్లేదు, అది మన 97. హెచ్‌బీఏ1సీలో వచ్చే 5.4తో దీన్ని కలపకూడదు.) ఆ 7 వెనక పెద్ద కథే ఉంది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు హద్దును 140గా పెట్టింది. అప్పటికే అమెరికాలోని అరిజోనాలో పీమా అనే ఆదివాసీ జనాన్ని పరిశోధకులు ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. మధుమేహం అంత ఎక్కువగా ఉన్న సమాజాలు ప్రపంచంలోనే అరుదు. వాళ్ల రక్తంలో చక్కెరను, కంటి వెనక తెరను, అంటే రెటీనాను, పక్కపక్కన పెట్టి చూశారు. చక్కెర ఒక మట్టం దాకా ఉన్నవాళ్ల రెటీనా దాదాపు శుభ్రంగా ఉంది. ఆ మట్టం దాటినవాళ్లలో సన్నని రక్తనాళాలు ఉబ్బడం, రక్తం చిమ్మడం ఒక్కసారిగా పెరిగాయి. ఈజిప్టులో, అమెరికా సాధారణ జనాభాలో చూసినా దాదాపు అదే మట్టం దగ్గర అదే మలుపు. 140 దాకా ఆగితే చాలామంది కళ్లు అప్పటికే దెబ్బతింటున్నాయని తేలింది. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ హద్దును 126కు దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ వెనకే దించింది.

అంటే మధుమేహం హద్దును గీసింది మనిషి కంటిని చూసి. అమరచింత లాంటి ఊళ్లో ఈ మాటకు బరువు ఎక్కువ. ఇక్కడ గద్వాల చీర అంచును ఒంటికి కలపడానికి మూడు నాడెలతో, పేక పోగును పోగుతో ముడివేస్తూ నేస్తారు. జరీ పోగు తెగితే వెతికి పట్టి అతకాలి. చూపు మసకబారిన మనిషికి ఆ పని లేదు. రెటీనా దెబ్బతినడం మొదట్లో నొప్పి పుట్టించదు, చూపు కూడా తగ్గదు. తెలిసేసరికి చాలా దూరం పోయి ఉంటుంది. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించిన పెద్ద సర్వేలో, అమరచింత అప్పుడు భాగంగా ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని తూడుకుర్తిలో ఆ ఆసుపత్రి గ్రామీణ కేంద్రం ఉంది. మధుమేహం తేలిన ప్రతి ఒక్కరూ ఆ రోజే ఒకసారి, తర్వాత ఏడాదికొకసారి కంట్లో చుక్కల మందు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. చూపు బాగుంది గదా అని ఆగకూడదు.

మూత్రానికి చీమలు పడితేనే షుగర్ అని నమ్మే పెద్దవాళ్లు ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు. కానీ రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే తప్ప మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు. చీమలు వచ్చేదాకా ఆగితే 126 ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇప్పుడు కొలత దగ్గరికి వద్దాం. వేలు గుచ్చి చూసే మీటరు చాలా మేలు చేసిన యంత్రం. స్ట్రిప్ మీది ఎంజైమ్ గ్లూకోజుతో కలిసినప్పుడు ఎలక్ట్రాన్లు పుడతాయి, ఆ కరెంటును మీటరు అంకెగా మారుస్తుంది. అయితే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 దాటిన అంకెల్లో 15 శాతం అటూ ఇటూ ఉన్నా మీటరు మంచిదే అంటారు. మీటరులో 118 అంటే అసలు అంకె సుమారు 103 నుంచి 139 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఒక చివర దాదాపు నార్మల్, ఇంకో చివర మధుమేహం! అందుకే వేలి పరీక్ష ఎవరిని ల్యాబ్‌కు పంపాలో చెప్పడానికే. మధుమేహం ఉందో లేదో తేల్చాలంటే నరం నుంచి తీసిన రక్తమే కావాలి. మన మగ్గం మనిషి మూడు నెలల షుగర్ చూపించుకున్నాడు కానీ పరగడుపు రక్తం ల్యాబ్‌లో ఇంకా ఇవ్వలేదు. అది ఇస్తే తప్ప లెక్క పూర్తి కాదు.

వేలి మీద ఏముందో కూడా మీటరు కొలుస్తుంది. పాలమూరు గుట్టల్లో సీతాఫలాలు పండే రోజుల్లో పండు ఒలిచి తిన్న చేత్తో అలాగే పరీక్ష చేయించుకుంటే, గోరంత గుజ్జు అంటుకున్నా అంకె ఎక్కడికో పోతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే సరిపోదు. నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. గుచ్చేటప్పుడు వేలి కొసన కాకుండా పక్కన గుచ్చమనాలి. పక్కన నొప్పి తక్కువ, పైగా పోగులు అతికేది కొసతోనే. పని చేసి కాయలు కాసిన వేళ్ల నుంచి రక్తం తేలిగ్గా రాదు. అప్పుడు గట్టిగా పిండితే కణాల నడుమ ఉండే నీరు కూడా కలిసి అంకె మారుతుంది. చేతిని కిందికి వేలాడదీసి కాసేపు ఆగితే రక్తం తనే దిగుతుంది. స్ట్రిప్‌ల డబ్బా ఎక్కువగా 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో రేకుల కప్పు కింద పెట్టిన డబ్బాను, మూత తెరిచి వదిలేసిన డబ్బాను నమ్మలేం.

ల్యాబ్ రక్తానికీ తన చిక్కు ఉంది. గొట్టంలోకి తీసిన తర్వాత కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, అందులోని గ్లూకోజును తింటూనే ఉంటాయి. గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఊళ్లో తీసినప్పుడు 126 ఉన్న రక్తం, జిల్లా కేంద్రానికి చేరి యంత్రం ఎక్కేసరికి రెండు గంటలు గడిస్తే 111 చూపించవచ్చు. ఆ మనిషికి మధుమేహం లేదని కాగితం వస్తుంది. దీన్ని ఆపడానికే బూడిదరంగు మూత ఉన్న గొట్టంలో సోడియం ఫ్లోరైడ్ వేస్తారు. అది కూడా మొదటి గంటా రెండు గంటల్లో పూర్తిగా ఆపలేదు, తీసిన వెంటనే మంచులో పెట్టడం మేలు. రక్తం తీసేవాళ్లను ఏ మూత గొట్టమని అడగడం తప్పేమీ కాదు, అడగాలి.

మూడు నెలల షుగర్‌కు ఈ గొడవ లేదు, పరగడుపు కూడా అక్కర్లేదు. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజులన్నీ అందులోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు అంటుకుంటూ పోతుంది, ఒకసారి అంటితే మళ్లీ ఊడదు. నూటికి ఎంత హిమోగ్లోబిన్‌కు అంటుకుందో చెప్పేదే ఈ శాతం. మధుమేహం ఉన్నవాళ్లలో ఈ వేరే రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుందని 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహబర్ గుర్తించాడు. 5.7 శాతం అంటే సగటున 117, 6.5 అంటే సగటున 140. రాత్రీ పగలూ, తినక ముందూ తిన్నాకా అన్నీ కలిపిన సగటు అది. కానీ ఎర్రకణాల వయసు మారితే ఈ అంకె మోసం చేస్తుంది. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉన్నవాళ్లలో కణాలు ఎక్కువ రోజులు తిరుగుతాయి, చక్కెర పెరగకుండానే శాతం పెరుగుతుంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే మన ఇళ్లలో ఆడవాళ్ల హెచ్‌బీఏ1సీ కాగితాన్ని హిమోగ్లోబిన్ కాగితం పక్కన పెట్టకుండా చదవడం తప్పు.

70 కంటే కిందికి పడడం మాటేమిటి? మందులు వాడని ఆరోగ్యవంతులకు అది అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మానేసినా, ఖాళీ కడుపున కల్లో సారాయో తాగినా అంకె ప్రమాదకరంగా పడిపోతుంది. మద్యం కాలేయాన్ని కొత్త గ్లూకోజు తయారు చేయనివ్వదు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే ముందు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, తర్వాతే మీటరు వెతకాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక తిండి. ఈ పాలమూరు నేలది జొన్న రొట్టె. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జూరాల కాలువలతో వరి మడులు వచ్చాయి. 2025 ఉగాది నుంచి చౌకధరల దుకాణంలో సన్నబియ్యం ఇస్తున్నారు. వలస పోయి రాళ్లు మోసిన పాలమూరు జనం కడుపు నిండా అన్నం తినడాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ఆకలి తీరడమే మొదటి ఆరోగ్యం. అయినా లెక్క చూడాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, పీచు మూడు గ్రాముల లోపు. జొన్నలో పిండిపదార్థం 68, పీచు 10. జొన్నలో కూడా చక్కెరగా మారేదే ఎక్కువ. రొట్టె అయితే ఎన్నైనా తినొచ్చన్నది సరి కాదు. కాకపోతే అది మెల్లగా అరుగుతుంది, రెండు రొట్టెలకు కడుపు నిండుతుంది, పక్కన పుంటికూర పప్పు ఉంటే ఇంకా మెల్లగా అరుగుతుంది.

సన్నగా ఉన్నవాళ్లకు షుగర్ రాదన్న నమ్మకం మన దగ్గర చాలామందిని ముంచింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేయించారు. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన కొవ్వు పొట్ట చుట్టూ, కాలేయం చుట్టూ చేరుతుంది, కండ తక్కువ. అందుకే మన దగ్గర కాటా కన్నా టేపు ఎక్కువ చెబుతుంది. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే అంకె చూపించుకోవలసిందే. దీని వేర్లు తల్లి కడుపులోనే ఉన్నాయనడానికి ఆధారం మన దగ్గరే దొరికింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో కొన్నిచోట్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందించింది. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్లకు వచ్చాక చూస్తే, అదనపు ఆహారం అందని పల్లెల పిల్లలకన్నా వీళ్ల ఒళ్లు ఇన్సులిన్ మాటను బాగా వింటోంది. ఆ ఫలితం 2008లో అచ్చయింది.

118, 5.9 దగ్గర ఉన్నవాళ్లకు చేతిలో ఇంకా సమయం ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇలాంటి ముందస్తు దశలో ఉన్న 531 మందిని మూడేళ్ల వరకు గమనించి 2006లో ఫలితం చెప్పింది. తిండిలో తెల్లన్నం, చక్కెర, నూనె తగ్గించి, రోజూ అరగంట నడిచినవాళ్లలో మధుమేహం రావడం 28 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 26 శాతం. తిండి మార్పు, నడక కలిసి మాత్రతో సమానంగా పనిచేశాయన్నమాట. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. పొద్దంతా మగ్గం గుంటలో కూర్చుని నేసే మనిషికి తిన్న వెంటనే మళ్లీ మగ్గం ఎక్కకుండా, పది పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా పోయి రావడం కుదిరే పనే. ముప్పై దాటినవాళ్లందరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పల్లె దవాఖానలో షుగర్ పరీక్ష డబ్బులు లేకుండా చేస్తారు. ముందస్తు దశలో ఉన్నవాళ్లు ఏడాదికొకసారైనా మళ్లీ చేయించుకోవాలి. పాత చీటీలను పారేయకుండా ఒకే కవరులో దాచి, ప్రతి చీటీ మీద తేదీతో పాటు ఎన్నింటికి తీశారు, ఆఖరుగా ఎప్పుడు తిన్నారు, వేలి నుంచా నరం నుంచా అన్నది పెన్నుతో రాసి పెట్టుకుంటే, డాక్టరుకు ఆ కవరు ఎంతో పనికొస్తుంది.